పొంగనాల పెనం, చింతపిక్కల లెక్క

ఇంటికి చుట్టాలొస్తే మనం మొట్టమొదట చేసే పని మంచినీళ్ళివ్వడం. రెండో పనేమిటో చెప్పమంటారా? మూడేళ్ళ పాపనో, నాలుగేళ్ళ బాబునో పిలిచి, “వన్ టూ త్రీ చెప్పమ్మా, తాతగారు వింటారు” అనడం! పాప గుక్క తిప్పుకోకుండా ఇరవై దాకానో, యాభై దాకానో అప్పజెప్పేస్తుంది. చుట్టాలు “అబ్బో!” అంటారు. మన మొహం చాటంత అవుతుంది. అందులో తప్పేమీ లేదు లెండి. పిల్లల ముద్దుముచ్చట్లు కాకపోతే మనకింకేం సరదాలున్నాయి?

కానీ ఆ చుట్టాలు వెళ్ళిపోయాక ఒక్క చిన్న పని చేసి చూడండి. “బంగారూ, వంటింట్లోంచి ఏడు చెంచాలు పట్రా” అనండి. యాభై దాకా చెప్పిన పిల్ల గుప్పెడు చెంచాలు పట్టుకొచ్చి మన ముందు పోస్తుంది. అవి ఐదుండొచ్చు, పదకొండుండొచ్చు. అంటే ఏమిటన్నమాట? పాపకి వచ్చింది పాట. లెక్క ఇంకా రాలేదు.

మా ఇంట్లోనూ ఇదే కథ. హైదరాబాదులో మేమూ, మా మరిది వాళ్ళూ పక్కపక్క ఫ్లాట్లలో ఉంటాం. మా తోడికోడలు ఉద్యోగానికి వెళుతుంది కాబట్టి వాళ్ళ నాలుగేళ్ళ బుజ్జి మధ్యాహ్నం బడి నుంచి రాగానే నా దగ్గరే ఉంటుంది. పై అంతస్తులో ఉండే తమిళ మామి మనవడు కూడా అదే వేళకి దిగుతాడు. మా వీధి చివర కడుతున్న అపార్ట్‌మెంట్లో పనిచేసే ఒడిశా కుటుంబం ఒకటుంది. ఆ తల్లి మా కాంప్లెక్సులో రెండిళ్ళలో పనిచేసుకుంటూ, ఐదేళ్ళ కూతుర్ని వెంట తెచ్చుకుంటుంది. ఇలా రోజూ రెండింటికల్లా మా హాల్లో మూడు భాషలు, ఆరు కాళ్ళు, అంతులేని అల్లరి.

పేరు వేరు, లెక్క వేరు

ఒడిశా పాపని దగ్గర్లోని ఒక చిన్న బడిలో వేశారు. నాలుగు నెలలు తిరిగేసరికి టీచరు పిలిచి, “మీ అమ్మాయికి పది దాకా కూడా అంకెలు రావడం లేదు, వచ్చే ఏడు కూడా ఇదే క్లాసులో కూర్చోబెట్టాలి” అందట. ఆ తల్లి మా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి సగం తెలుగు, సగం హిందీలో ఈ మాట చెబుతూ కళ్ళు తుడుచుకుంది. “దీదీ, నా పిల్ల మొద్దుదా?” అని అడిగింది. మళ్ళీ ఏడాది ఫీజంటే వాళ్ళకి మాటలా మరి!

ఆ పాప మొద్దుదో కాదో నాకు అంతకుముందే తెలుసు. ఎలాగంటారా? ముందు రోజే పిల్లలు ముగ్గురికీ వేరుశనక్కాయలు పంచమని గిన్నె ఆ పాప చేతికిచ్చాను. వరసగా నీకొకటి, నాకొకటి, వాడికొకటి అని పెట్టుకుంటూ పోయింది. చివర్లో రెండు మిగిలితే వాటిని తెచ్చి నా చేతిలో పెట్టింది, ఎవరికీ ఎక్కువ తక్కువ కాకూడదని. నోట్లో ఏదో గొణుక్కుంటోంది. చెవి పెట్టి విన్నాను. “ఏక, దుయి, తిని, చారి, పాంచ...”

చూశారా! పిల్లకి లెక్క వచ్చు. దాని పేరు మాత్రం బడివాళ్ళకి కావలసిన భాషలో లేదు.

మా పెద్దమ్మాయి బి.ఇడి. చదువుతోంది. ఈ సంగతి చెబితే తన పుస్తకంలోంచి నాకొక విషయం చదివి వినిపించింది. రోషెల్ గెల్‌మన్, గాలిస్టెల్ అని ఇద్దరు అమెరికా పరిశోధకులు 1978లోనే పసిపిల్లల లెక్కల మీద ఒక పుస్తకం రాశారట. పిల్ల నిజంగా లెక్కపెట్టగలుగుతోంది అనాలంటే ముఖ్యంగా మూడు చూడాలట. ఒక్కో వస్తువుకీ ఒక్కటే అంకె చెప్పాలి. అంకెలు ఎప్పుడూ అదే వరసలో రావాలి. చివర చెప్పిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని తెలియాలి. వీటితో పాటు, ఏ వస్తువునైనా లెక్కపెట్టొచ్చనీ, ఎటువైపు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదనీ కూడా గ్రహించాలట. ఈ ఐదింటిలో ఎక్కడైనా “ఇంగ్లీషులో చెప్పాలి” అని ఉందా? లేదు కదా!

పైగా మన తెలుగు అంకెల్లో ఒక సుళువుంది, ఎప్పుడైనా గమనించారా? పదమూడు, పదిహేను, పద్దెనిమిది అంటే ‘పది’ వినబడుతూనే ఉంటుంది. ఇరవై ఒకటి, ఇరవై రెండు సరేసరి. చైనా భాషలోనూ పదకొండుని ‘పది ఒకటి’ అనే అంటారు. ఇంగ్లీషు ఎలెవన్, ట్వెల్వ్‌లలో పసివాళ్ళకి పది వినబడదు. థర్టీన్‌కీ థర్టీకీ తేడా పట్టుకోవడానికి పెద్దవాళ్ళమే చెవులు రిక్కించాలి. హిందీలో ఇరవై తొమ్మిదిని ‘ఉన్‌తీస్’ అంటారు, అంటే ముప్ఫైకి ఒకటి తక్కువ అని. ఏ భాష అందం దానిది, ఏ భాష చిక్కు దానిది. అందుకే ముందు ఇంట్లో మాట్లాడే భాషలో వేళ్ళ మీదికి లెక్క ఎక్కిస్తే, తర్వాత ఎన్ని భాషల పేర్లయినా దానికి తగిలించుకోవచ్చు.

ఇక ఆటల సంగతికి వద్దాం. వీటికి బజార్లో కొనాల్సిందేమీ లేదు. అన్నీ మీ వంటింట్లోనే ఉన్నాయి.

పెనంలో వామనగుంటలు

వామనగుంటల పీట ఇప్పుడు ఎంతమంది ఇళ్ళలో ఉంది? ఉన్నా అటక మీదే. మనకి పొంగనాల పెనం ఉందిగా! ఏడు గుంతలది అయితే మరీ మంచిది. చుట్టూ ఆరు, మధ్యలో ఒకటి ఉంటాయి. పెనం బాగా చల్లారి, తుడిచి ఆరబెట్టాకే సుమా.

చుట్టూ ఉన్న ఆరు గుంతల్లో మూడేసి చింతపిక్కలు వేయండి. మధ్య గుంత ఖాళీ, దాని జోలికి పోవద్దు. పాప ఏదో ఒక గుంతలోని పిక్కలన్నీ తీసి, పక్క గుంత నుంచి మొదలుపెట్టి ఒక్కోదాంట్లో ఒక్కోటి వేసుకుంటూ పోవాలి. చేతిలో చివరి పిక్క ఖాళీ గుంతలో పడితే, దాని తర్వాతి గుంతలో ఉన్నవన్నీ పాపవే. లేకపోతే రెండోవాళ్ళ వంతు. పిక్కలు బాగా తగ్గిపోయాక ఆపేసి, ఎవరికెన్ని వచ్చాయో చూడాలి. నిజం ఆటకి రెండు వరసల్లో పధ్నాలుగు గుంటలు, ఇంకా చాలా నియమాలు ఉన్నాయి. నాలుగేళ్ళ వాళ్ళకి ఇది చాలు.

ఎవరు గెలిచారో మీరు చెప్పేయకండి. ఇద్దరి పిక్కలనీ రెండు వరసల్లో, ఒకదాని ఎదురుగా ఒకటి పేర్చమనండి. ఏ వరస పొడుగ్గా ఉందో వాళ్ళే చెబుతారు. “ఎన్ని ఎక్కువున్నాయి?” అంటే జత దొరకని పిక్కల్ని వేలు పెట్టి చూపిస్తారు. అదే తీసివేత! పలకా బలపమూ పట్టకుండానే వచ్చేసింది.

ఈ ఆట మొదలుపెట్టిన రోజున తమిళ మామి మనవడిని తీసుకెళ్ళడానికి దిగి, పెనం చూసి, “అరే, పల్లాంగుళి!” అంటూ చెంగు బిగించి కింద కూర్చుండిపోయారు. మోకాళ్ళ నొప్పులని రోజూ చెప్పే మనిషి గంటదాకా లేవలేదు. మా ఎదురింటి వరంగల్ వదినగారు దీన్ని ఓమనగుంటలు అంటారు. కన్నడంవాళ్ళది అళగుళి మణె, తుళువాళ్ళది చెన్నె మణె. మలేసియాలో చొంగ్‌కాక్, ఫిలిప్పీన్స్‌లో సుంగ్‌కా, ఆఫ్రికాలోని ఘనాలో ఓవారే. గుంటల లెక్కా, గింజల లెక్కా ఊరూరికీ మారుతుంది గానీ, తీసి పంచుకుంటూ పోవడం మాత్రం అన్నిచోట్లా ఒకటే. కజకిస్తాన్, కిర్గిజిస్తాన్, టర్కీ దేశాల్లో ఆడే ఇలాంటి ఆటల్ని యునెస్కో వారు 2020లో కాపాడుకోవలసిన సంపదల జాబితాలో చేర్చారు. మనమేమో పీటని అటకెక్కించాం!

డల్లాస్‌లో ఉన్న మా అక్క కూతురికి ఈ సంగతి ఫోన్లో చెప్పాను. “పిన్నీ, ఇక్కడ చింతపిక్కలెక్కడివి?” అంది. కోడిగుడ్లు డజను చొప్పున అమ్మే అట్టపెట్టెలో సరిగ్గా పన్నెండు గుంతలుంటాయి, అందులో రాజ్మా గింజలు వేసుకోమన్నాను. ఇప్పుడు వాళ్ళ అబ్బాయి వాళ్ళమ్మతో తెలుగులో, డేకేర్‌లో నేర్చిన స్పానిష్‌లో ఉనో, దోస్, త్రేస్ అంటూ కూడా లెక్కపెడుతున్నాడు. అట్టపెట్టెకి భాషాభేదం లేదు కదండీ.

నాలుగు గవ్వలు

అష్టాచెమ్మా ఆడని అమ్మాయి మన కాలంలో ఉండేదా? నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, నాలుగూ బోర్లా పడితే అష్ట. గళ్ళూ పావులూ పిల్లలకి అప్పుడే వద్దు. గవ్వలు వేయించండి చాలు. ఎన్ని వెల్లకిలా పడితే గిన్నెలోంచి అన్ని చిక్కుడు గింజలు తీసుకోవాలి. అన్నీ బోర్లా పడితే? మొదట్లో ఏమీ ఇవ్వకండి, “సున్నా” అనండి. సున్నా అంటే ఏమిటో ఖాళీ చెయ్యి చెప్పినంత బాగా ఏ పుస్తకమూ చెప్పదు. పెద్దయ్యాక అష్టకి ఎనిమిది ఇవ్వొచ్చు.

నాలుగైదు రోజులు పోయాక చూడండి, పిల్లలు గవ్వల్ని ఒకటీ రెండూ అని లెక్కపెట్టడం మానేస్తారు. చూడగానే “మూడు!” అంటారు. ఆ తర్వాత, “మూడు ఇలా పడితే ఒకటి అలా పడుతుంది” అని వాళ్ళకే తెలుస్తుంది. మూడూ ఒకటీ నాలుగు, రెండూ రెండూ నాలుగు. కూడిక మన ప్రమేయం లేకుండానే వస్తుంది.

ముగ్గుపిండితో పది గళ్ళు

అక్కడ బాల్కనీలో ముగ్గుపిండితో ఒకే వరసలో పది గళ్ళు గీయండి. ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు... పది దాకా అంకెలు వేయండి. రెండు గవ్వలు వేసి, ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్ళు ఒక సీసా మూతని జరపాలి. రెండూ బోర్లా పడితే మళ్ళీ వేయాలి. పదికి ముందు చేరినవాళ్ళు గెలిచినట్టు.

ఇందులో ఒక్క కిటుకుంది, అది మాత్రం మరవకండి. మూత ఐదో గడిలో ఉండి రెండు పడితే “ఒకటి, రెండు” అని జరపకూడదు. “ఆరు, ఏడు” అని గడిలో ఉన్న అంకె పలుకుతూ జరపాలి. అప్పుడే ఐదు తర్వాత ఆరని, ఏడు ఐదు కన్నా ముందుందని కంటికీ, చేతికీ, నోటికీ ఒకేసారి పడుతుంది.

ఇది నా సొంత కవిత్వం కాదండీ. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ అనే పరిశోధకులు అమెరికాలో పేద కుటుంబాల పసిపిల్లలు 124 మందితో ఇలాంటి పది అంకెల పటం ఆటే ఆడించి చూసి, 2008లో ఫలితాలు ప్రకటించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట, ఇరవై నిమిషాలు. అంతే! అంకెల పటంతో ఆడినవాళ్ళు లెక్కపెట్టడంలో, ఏది పెద్దో ఏది చిన్నో చెప్పడంలో మెరుగయ్యారు. తొమ్మిది వారాల తర్వాత చూసినా అది పోలేదు. అంకెలు లేకుండా రంగుల గళ్ళ మీద ఆడినవాళ్ళకి ఆ లాభం రాలేదు. మనం సీరియల్ చూసే టైములో సగం చాలు మరి.

గిద్దె, సోల, తవ్వ

వంట చేసే వేళ పిల్లలు కాళ్ళకడ్డం పడుతున్నారా? ఒక పళ్ళెంలో బియ్యం పోసి, ఒక చిన్న గ్లాసు, ఒక పెద్ద గ్లాసు ఇవ్వండి. చిన్నవి ఎన్ని పోస్తే పెద్దది నిండుతుందో చూడమనండి. మా అత్తగారి కాలం నాటి ఇత్తడి గిద్దె, సోల నా దగ్గరున్నాయి. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. బుజ్జి ఇప్పుడు ఇడ్లీకి పోసేటప్పుడు, “పెద్దమ్మా, పప్పు ఒకటి, రవ్వ రెండు” అని నాకే గుర్తుచేస్తోంది. మీ ఇంట్లో రొట్టెలైతే పిండిముద్దలు లెక్కపెట్టించండి, చేపలైతే ముక్కలు లెక్కపెట్టించండి. ఎవరింటి వంట వాళ్ళింటి పాఠం.

ముగ్గు కూడా అంతే. మూడు చుక్కలు మూడు వరసలతో మొదలుపెట్టించండి. తమిళుల కోలం, ఒడిశావాళ్ళ ఝోటి, బెంగాలీల ఆల్పన, ఏదైనా సరే, ఇటు వేసిందే అటూ రావాలన్న సూత్రం పిల్లల వేళ్ళకి పడుతుంది.

ఏ భాషలో ఆడాలి?

ఇది అందరూ అడిగే ప్రశ్న. “ఇంట్లో తెలుగు, బళ్ళో ఇంగ్లీషు, గందరగోళపడరూ?” అంటారు. మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఎవరి వంతు వస్తే వాళ్ళ భాషలో లెక్కపెట్టాలి. ఆ వంతుకి మిగతావాళ్ళు కూడా వాళ్ళ వెనకాలే అనాలి. బుజ్జి వంతుకి ఒకటి రెండు మూడు. మామి మనవడి వంతుకి ఒణ్ణు, రెండు, మూణు. ఒడిశా పాప వంతుకి ఏక, దుయి, తిని. ఆట అయ్యాక గెలిచిన పిక్కల్ని డబ్బాలో వేసేటప్పుడు అందరూ కలిసి ఇంగ్లీషులో. పిక్కలు అవే, మారేది పేరే అని వాళ్ళకి తెలుసు కాబట్టి గందరగోళం రాలేదు. తమిళంలోనూ ‘రెండు’ అంటారని తెలిసిన రోజు బుజ్జి ఎంత నవ్విందో!

ఇది నేనొక్కదాన్నే చెప్పే మాటా కాదు. 2020లో వచ్చిన జాతీయ విద్యావిధానం కూడా చిన్నపిల్లలకి వీలైనంతవరకు ఇంటి భాషలోనే చెప్పాలంది. 2023 ఫిబ్రవరి 20న కేంద్ర ప్రభుత్వం మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల కోసం ‘జాదుయీ పిటారా’ అని ఆటవస్తువుల పెట్టెని 13 భారతీయ భాషల్లో విడుదల చేసింది. ఆ పెట్టె మన దాకా వచ్చినా రాకపోయినా, మన పోపుల డబ్బా ఎప్పుడూ పెట్టెనిండా ఆటవస్తువులే.

కొన్ని జాగ్రత్తలు

మూడేళ్ళలోపు పిల్లలకి పిక్కలు, గవ్వలు, గింజలు వద్దే వద్దు. ముక్కులోనో గొంతులోనో పెట్టుకున్నారంటే ప్రాణం మీదికొస్తుంది. వాళ్ళకి చెంచాలు, బంగాళాదుంపలు, గిన్నెమూతలు ఇవ్వండి. పెద్దపిల్లలు ఆడేటప్పుడు కూడా ఎదురుగా మీరుండాలి. ఆటకి ముందు ఎన్ని పిక్కలు తీశారో, తర్వాత అన్నీ డబ్బాలో పడ్డాయో లేదో పిల్లల చేతే లెక్కపెట్టించండి. అదీ ఒక ఆటే.

పావుగంట దాటనివ్వకండి. ఇంకా ఆడతామని ఏడుస్తుండగానే ఆపేస్తే మర్నాడు వాళ్ళే వస్తారు. తప్పు చెబితే “ఛ, అది కూడా రాదా?” అనకండి. “మళ్ళీ వేలు పెట్టి చూద్దామా?” అనండి. ఒకళ్ళని చూపించి ఒకళ్ళని తక్కువ చేయకండి. ముఖ్యంగా భాష విషయంలో.

ఒడిశా పాప సంగతి చెప్పలేదు కదూ? పిక్కల డబ్బా తీసుకుని నేనూ వాళ్ళమ్మతో బడికి వెళ్ళాను. టీచరమ్మతో పోట్లాడలేదు. ముప్ఫై ఐదుమంది పిల్లలతో ఆవిడ పడే పాట్లు ఆవిడవి. “ఒక్క ఐదు నిమిషాలు చూడండమ్మా” అని పాప ముందు పిక్కలు పోశాం. టీచరు “సెవెన్” అని ఏడు వేళ్ళు చూపించింది. పాప ఏడు పిక్కలు వరసగా పేర్చి తలెత్తింది. తొమ్మిది చూపించింది. పాప ముందున్న ఏడింటిని కదపకుండా ఇంకో రెండు తెచ్చి చేర్చింది. టీచరు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “అంకెల పేర్లు నేర్పుతాను, ఇంట్లో కూడా చెప్పిస్తూ ఉండండి. క్లాసు సంగతి మార్చిలో చూద్దాం” అంది. ఆ తల్లి దారి పొడుగునా మాట్లాడలేదు. మా గేటు దగ్గరికొచ్చాక మాత్రం, “దీదీ, ఇంట్లో ఒడియాలో లెక్కపెట్టించొచ్చా?” అని అడిగింది. అన్నాళ్ళూ పిల్లకి చెడుపవుతుందేమోనని భయపడి మానేసిందట.

ఇలా భయపడే తల్లులు మీ వీధిలోనూ ఉండొచ్చు. పనమ్మాయి కావచ్చు, కొత్తగా దిగిన పక్కింటివాళ్ళు కావచ్చు. అమెరికాలో తెలుగు మాట్లాడితే పిల్లాడు వెనకబడతాడేమోనని సందేహపడే మన ఆడపడుచే కావచ్చు. వాళ్ళకి ఈ మాట చెప్పండి, రెండు దోసిళ్ళ చింతపిక్కలు కూడా ఇవ్వండి. ఈసారి చింతపండు కొట్టించినప్పుడు పిక్కలు పారేయకుండా కడిగి ఎండబెట్టి డబ్బాలో పోసి ఉంచుకోండి. మీ వైపు ఈ ఆటల్ని ఏమంటారో, మీ అమ్మమ్మలు ఏ గింజలతో ఆడేవారో మాకూ రాయండి. మా హాల్లో ఉన్న ముగ్గురూ కొత్త ఆట కోసం చూస్తున్నారు!